మేనమామ సాక్ష్యం

ఉయ్యూరు,
27 జనవరి 2025.

అన్నయ్యకి,

నమస్కారం పెట్టడం లేదు. పెట్టే మనసు లేనప్పుడు కాగితం మీద మాత్రం ఎందుకు? నీతో మాట్లాడనని కార్తీకమాసంలో దుర్గమ్మ మీద ఒట్టు పెట్టుకున్నాను, నీ నంబరు బ్లాకు చేసింది అందుకే. ఉత్తరం రాయనని ఒట్టు పెట్టుకోలేదు. పని పడింది కనక రాస్తున్నాను.

నీకు తెలిసిన కథే మళ్ళీ చెప్తాను, మర్చిపోయినట్టున్నావు. చక్రి పుట్టుకతోనే చెవిటివాడు. వాడికి మూడో ఏట ప్రభుత్వ బీమా కింద ఆపరేషను చేసి తల లోపల ఏదో అమర్చారు. బయట చెవి వెనక తగిలించుకునే మిషను ఒకటి ఇచ్చారు. రెండూ ఉంటేనే వాడికి వినపడుతుంది. వాడు "అమ్మా" అని పిలిస్తే తలనీలాలు ఇస్తానని దుర్గమ్మకి మొక్కుకున్నాను. ఐదో ఏట పిలిచాడు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించాలి గనక నిన్ను పిలిచాం. మిషను తడవకూడదని తీసి, దాని డబ్బాలో పెట్టి నీ చేతికిచ్చాను. నువ్వు చొక్కా జేబులో వేసుకున్నావు. గుండు అయ్యాక ఘాట్‌లో వాణ్ణి ముంచి లేపడానికి వంగావు. అంతే, కృష్ణ పాలైంది. ఈతగాళ్ళు సాయంత్రం దాకా వెతికారు. నువ్వు తడిబట్టలతో మెట్ల మీద కూర్చుని ఏడ్చావు. నువ్వు ఏడ్చినందుకు నాకు ఇంకా ఒళ్ళు మండింది. ఏడవాల్సింది నేను కదా!

సరే, అది అయిపోయింది. ఇప్పుడు రాస్తున్నది వేరే మనిషి గురించి.

పోయిన గురువారం బెజవాడ వెళ్ళి బాలల ఆరోగ్య బీమా బోర్డులో ఇంకో మిషను ఇమ్మని అడిగాం. మా చెరుకంతా అమ్మినా, నీ జీతం కలిపినా కొనగలిగే వస్తువు కాదది, నీకు తెలుసు. అక్కడ డాక్టరు సంజీవరావు గారని ఒక పెద్దమనిషి ఉన్నాడు, క్లెయిములన్నీ ఆయన దగ్గరికే వస్తాయట. "ఒక బిడ్డకి ఒక్కసారేనమ్మా, అది రూలు" అన్నాడు. నదిలో పడిపోయిందండీ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, హాలంతా వినేలా, "నదిలో పడిందా, బెజవాడలో అమ్ముడుపోయిందా తల్లీ? ఇట్టాంటి నదులు మేం చాలా చూశాం" అన్నాడు. గుమాస్తాలు నవ్వారు. మీ బావ తలొంచుకుని నిలబడ్డాడు. చక్రి కూడా, అందరూ నవ్వుతున్నారు కదా అని, నవ్వాడు.

వాడు నవ్వడం నేను మర్చిపోలేను అన్నయ్యా. ఆ సంజీవరావు అందరి ముందూ నాకు చేతులు జోడించి తప్పయిందనాలి. అది చూసేదాకా నాకు అన్నం సహించదు. తిట్టుకోని పూట లేదు. మా అత్తగారు "ఎవర్నే ఆ శాపనార్థాలు?" అని అడుగుతోంది.

అందుకే నీతో పని. నువ్వు సెక్రటేరియట్‌లో ఆఫీసరువి. నీ మాటకి విలువుంటుంది. "మిషను నా జేబులోంచే నదిలో పడింది" అని స్టాంపు కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపు. తీసుకెళ్ళి ఆయన మొహాన కొడతాను.

చక్రికి మాటలు నేర్పే క్లాసులో టీచరమ్మ అంది, వినికిడి లేకపోతే నేర్చిన మాటలు కూడా పోతాయని. త్వరగా పంపు.

కనకలక్ష్మి

*

మంగళగిరి,
31 జనవరి 2025.

చిరంజీవి కనకానికి,

నువ్వు నమస్కారం పెట్టకపోయినా నేను దీవెనలు పెట్టాలి, ముందు పుట్టిన పాపానికి. చక్రికి, బావకి, మీ అత్తగారు రావమ్మగారికి కూడా.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివి బయటికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను. ఆ మాట అనిపించుకున్నది నువ్వే అయినా, అనిపించింది నేనే.

కానీ కనకం, నువ్వడిగిన కాగితం ఇప్పుడు ఇవ్వలేను. ఉగాది దాటనీ, స్టాంపు కాగితం మీద కాదు, కావాలంటే బెజవాడ బెంజి సర్కిల్లో మైకు పెట్టి చెప్తాను. ఎందుకని అడగొద్దు. కొన్ని సంగతులు ఉత్తరంలో రాసేవి కావు. నువ్వు ఫోనెత్తితే చెప్పేవాణ్ణి.

ఆ సంజీవరావు గారు నువ్వనుకున్నంత దుర్మార్గుడు కాదు. దొంగ క్లెయిములు చూసి చూసి నోరు చేదైపోయిన మనిషి. ఆయనతో ఇప్పుడు గొడవ పెట్టుకోకు. ఆఫీసుకి మళ్ళీ వెళ్ళకు. ఈ రెండు నెలలూ చక్రితో మాట్లాడేటప్పుడు మొహం ఎదురుగా పెట్టి, పెదాలు కనపడేలా మాట్లాడండి. వెలుతురు మీ మొహం మీద పడాలి, వాడి కళ్ళలో కాదు.

ఇక్కడ మగ్గాల వీధిలో చిన్న గళ్ళ గుడ్డ బాగుందని చక్రికి మూడు చొక్కాలు కుట్టించాను. బస్సు పార్సిల్లో వేశాను. సైజు కొంచెం పెద్దదే కుట్టమన్నాను, వాడు ఎదుగుతున్నాడు కదా.

నీ మీద కోపం లేని
అన్నయ్య

*

ఉయ్యూరు,
6 ఫిబ్రవరి 2025.

సెక్షన్ ఆఫీసరు శ్రీ దుర్గాప్రసాద్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు పంపిన చొక్కాలు కూడా అందాయి. మూడింటికీ జేబులు ఉన్నాయి. బ్లేడుతో విప్పేశాను. ఇంట్లో మీ బావ చొక్కాలవి కూడా విప్పేశాను. పాపం ఆయన సెల్‌ఫోను చేత్తో పట్టుకుని తిరుగుతున్నాడు.

ఆ డాక్టరుగారి నోరు చేదెక్కిందని జాలిపడ్డారు. చాలా సంతోషం. చెల్లెల్ని దొంగ అన్న మనిషి మీద మీకంత దయ ఎందుకు పుట్టిందో నాకిప్పుడు అర్థమైంది. పేపర్లో చూశాను. పిల్లల వైద్య ఉపకరణాలకి బీమా డబ్బు చెల్లించే బిల్లు ఒకటి వస్తోందట. శాసనసభ కమిటీ ఈ నెల ఇరవై రెండున బెజవాడలో జనం అభిప్రాయాలు వింటుందట. వేదిక మీద సంజీవరావు గారు కూడా ఉంటారట. బిల్లుల సెక్షన్లో పనిచేసే మీరు ఆ పెద్దమనిషి పక్కన ఫైళ్ళు మోస్తారన్నమాట! ఆయన మీద సాక్ష్యం చెబితే ప్రమోషను పోతుంది. "ఉగాది దాకా ఆగు" అంటే ఏమిటో అనుకున్నాను.

మాటల క్లాసులో నసీమా అని ఒకామె పరిచయమైంది. మీ మంగళగిరి ఆవిడే, వాళ్ళాయన అలీ చీరలు నేస్తాడు. వాళ్ళ పాప ఆస్రాకీ మా వాడి లాంటి మిషనే. డాబా మీద ఆడుకుంటుంటే కొండ మీద నించి దిగొచ్చిన కోతి చెవి వెనక నించి లాక్కుపోయిందట. ఆమెని కూడా సంజీవరావు గారు అడిగారు, "కోతి ఎంతకి కొనుక్కుందమ్మా?" అని. ఆమె ఆ మాట నాకు చెప్పి నవ్వింది. నేను నవ్వలేదు. నవ్వి వదిలేస్తే వాళ్ళు అట్టాగే అంటారు అన్నాను. "ఏం చేస్తాం అక్కా, మనకి మిషను కావాలి, ఆయన్తో తగువు కాదు" అంది. మెత్తటి మనిషి. అందుకే అందరూ ఎక్కి తొక్కుతున్నారు.

ఇరవై రెండున నేను వస్తున్నాను. మాట్లాడటానికి పేరు కూడా ఇచ్చేశాను. ఆయన్ని నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాను. మీరు నా దారికి అడ్డం రాకండి. వస్తే మిమ్మల్ని కూడా వదలను. మేనమామ అని చూడను.

చక్రి నిన్న "అమ్మా" అనబోయి "అబ్బా" అన్నాడు. మీకు తెలియాలని రాస్తున్నాను.

ఇట్లు,
క్లెయిము తిరస్కరించబడిన
కనకలక్ష్మి

*

మంగళగిరి,
15 ఫిబ్రవరి 2025.

కనకం,

పోయిన ఆదివారం మీ ఊరు వచ్చాను. మీ అత్తగారు అరుగు మీద కూర్చుని "ఇంట్లో లేదు నాయనా" అంది. లోపల నీ గొంతు వినపడుతూనే ఉంది. బావకి ఫోను చేస్తే "నేను ఫ్యాక్టరీ నించి చెరుకు కటింగ్ ఆర్డరొచ్చి చేలో ఉన్నాను, మీ అన్నాచెల్లెళ్ళ మధ్యకి నన్ను లాగకు బావా" అని పెట్టేశాడు. ఇక దారి లేక, రాయకూడనిది రాస్తున్నాను. చదివి చింపెయ్. ఎవరికీ చెప్పకు, మీ అత్తగారికి అసలు చెప్పకు.

ఆ బిల్లు రాస్తున్నది నేనే.

మిషను పాడైతే ఇంకోటి ఇవ్వాలి, పిల్లలు ఎదిగి పనికిరాకపోతే ఇంకోటి ఇవ్వాలి, ఈ రెండూ మొదటి నించీ ఉన్నాయి. పోగొట్టుకుంటే కూడా ఇవ్వాలన్న ముక్క మాత్రం నేను పెట్టాను. ఎవరి కోసం పెట్టానో నీకు చెప్పాలా? దానికి సంజీవరావు గారు ఒప్పుకోలేదు. నేను ఆయన చుట్టూ తిరిగి తిరిగి, స్కూలు బస్సుల్లో పోయినవీ, కాలవల్లో పోయినవీ చెప్పి, చివరికి మా మంగళగిరి కోతుల సంగతి చెప్పాను. మా ఆఫీసులో ఒకాయన అన్నం డబ్బాని కోతి ఎత్తుకెళ్ళి మూత ఎట్లా తీసిందో చెప్తే పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి, "అయితే ఆ నేతపని ఆవిడ నిజమే చెప్పిందేమోనయ్యా" అన్నాడు. మర్నాడు ఒప్పుకున్నాడు. "అమ్ముకున్నవాళ్ళకి మాత్రం ఇవ్వకూడదని రాయి" అన్నాడు. రాశాను.

ఇక అసలు సంగతి. బిల్లు రాసేవాడి కుటుంబానికి ఆ బిల్లులో లాభం ఉండకూడదు. ఉంటే ముందే చెప్పి తప్పుకోవాలి. నేను చెప్పలేదు. చెబితే నన్ను తప్పించి ఇంకొకళ్ళని పెడతారు, వాళ్ళకి ఈ ముక్క కోసం కొట్లాడాల్సిన అవసరం ఏముంది? నీ ఇంటిపేరు వేరు కాబట్టి ఉయ్యూరు కేసు నా చెల్లెలిదని ఎవరికీ తెలియదు. తెలిసిన మరుక్షణం "మేనల్లుడి కోసం చట్టం రాసుకున్నాడు" అని ఆ ముక్క కొట్టేస్తారు. నా ఉద్యోగం సంగతి తర్వాత. చక్రికీ, ఆ నసీమా కూతురికీ మిషను రాదు.

నువ్వడిగిన సాక్ష్యం అప్పుడే ఎందుకివ్వలేదో ఇప్పుడు తెలిసింది కదా.

అందుకని ఇరవై రెండున రా. వచ్చి కూర్చో. మన సంగతి ఎత్తకు. నసీమాని మాట్లాడనివ్వు. ఉగాదికి బిల్లు పాసవుతుంది. పాసైన రోజునే నేను వెళ్ళి నిజం చెప్తాను. సంజీవరావు గారిని మీ ఇంటికి తీసుకొచ్చి నీ ముందు నిలబెడతాను. ఆయన రానంటే కాళ్ళు పట్టుకునైనా తెస్తాను. నీ పగ నేను తీరుస్తాను, కొంచెం ఆలస్యంగా తీరుస్తాను.

స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. అందగానే బ్లాకు తీసి ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వు. మాట్లాడొద్దు, ఒట్టు పోదు.

అన్నయ్య

*

ఉయ్యూరు,
23 ఫిబ్రవరి 2025.

దుర్గాప్రసాద్ గారికి,

ఎలా ఉంది? నలుగురిలో తలొంచుకుని నిలబడితే ఎలా ఉంటుందో తెలిసిందా?

రాత్రి సుఖంగా నిద్రపోయాను. పొద్దున లేచి వీధిలో అందరికీ బందరు లడ్డూ పంచాను. మా అత్తగారు "ఏం పండగే?" అంటే, పండగే అన్నాను.

మీరు వేదిక పక్కన ఫైలు పట్టుకుని నిలబడి, నన్ను చూసి తల అడ్డంగా ఊపుతున్నారు. ఊపండి, ఊపండి అనుకున్నాను. నసీమా నా పక్కనే కూర్చుంది, ఆస్రాని ఒళ్ళో పెట్టుకుని. తన వంతు వచ్చేలోపు నన్ను పిలిచారు. మైకు చేతికి రాగానే నాకు భయం పోయింది. "అయ్యా సంజీవరావు గారూ, నా కొడుకు చెవి మిషను నేను అమ్ముకున్నానన్నారు. నదిలో పడిందన్న సాక్షి కావాలా? మీ పక్కనే ఉన్నాడు. ఆ ఫైలు పట్టుకున్నాయన మా అన్నయ్య. ఆయన జేబులోంచే పడింది. కాదనమనండి!" అన్నాను.

మీ మొహం అప్పుడు చూడాలి. సున్నం కొట్టినట్టయింది. కమిటీ ఛైర్మను "నిజమేనా?" అని అడిగాడు. మీరు ఫైలు కిందికి దించి "నిజమేనండీ. నా జేబులోంచే పడింది. ఆవిడ నా చెల్లెలు" అన్నారు. ఇన్నాళ్ళకి! ఆ ఒక్క మాట కార్తీకమాసం నించి మీ నోట్లో ఏం చేస్తోందండీ?

ఇక సంజీవరావు గారు. మెట్లు దిగి వచ్చాడు. టీవీవాళ్ళు చుట్టూ మూగారు. చేతులు జోడించి, "తప్పయింది తల్లీ, ఆ మాట అనకూడదు" అన్నాడు. రాసి కూడా పంపిస్తానన్నాడు. పంపాలి మరి, నేను గుమ్మానికి కట్టుకుంటాను. హాలంతా చప్పట్లు. మీ బావ కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. కడుపు నిండినట్టుంది.

నసీమా మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆస్రాని ఎత్తుకుని తిన్నగా బస్సెక్కేసింది. ఆవిడ వంతు రాకుండానే మీటింగు ఆపేశారని బాధ కాబోలు. ఎందుకు ఆపారో తెలీదు. మీరూ ఆ ఛైర్మనూ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

అన్నట్టు మీ స్పీడ్ పోస్టు అందింది, మీటింగుకి ముందే. విప్పలేదు. ఫ్రిజ్ మీద పెట్టాను. మా ఫైలు వాళ్ళ బల్ల మీద ఎన్నాళ్ళుందో మీ ఉత్తరం మా ఫ్రిజ్ మీద అన్నాళ్ళు ఉండాలని. ఎవరైనా అడిగితే "పరిశీలనలో ఉంది" అని చెప్తున్నాను. మా అత్తగారు దాని మీద పాలగిన్నె పెట్టింది.

గెలిచిన
కనకలక్ష్మి

*

మంగళగిరి,
25 ఫిబ్రవరి 2025.

కనకం,

ఫ్రిజ్ మీద ఉత్తరం విప్పు. విప్పి చదివాక ఇది చదువు.

చదివావా?

నిన్న కమిటీ కూర్చుంది. పోగొట్టుకున్నవాళ్ళకి ఇవ్వాలన్న ముక్క కొట్టేశారు. సంజీవరావు గారు కొట్టెయ్యమనలేదు, పైగా ఉంచమని బతిమాలాడట. ఛైర్మను ఒప్పుకోలేదు. "మేనమామ రాసిన లైను సభకి తీసుకెళితే అందరూ మనల్నే అంటారు" అన్నాడు. మిగతా బిల్లు అలాగే వెళుతుంది. మిషను పాడైనవాళ్ళకి వస్తుంది, ఎదిగినవాళ్ళకి వస్తుంది.

నన్ను పాత రికార్డుల గదికి వేశారు. దాని గురించి నువ్వేమీ అనుకోకు. నేను చెప్పాల్సింది చెప్పకుండా దాచాను, దానికి ఆ శిక్ష తక్కువే. ఇంటికొచ్చి నీకు చెప్పడానికి తలుపు విరగ్గొట్టైనా లోపలికి రావాల్సింది. అరుగు మీదనించి తిరిగి వెళ్ళిపోయాను. అదే తలుచుకుంటున్నాను.

చక్రి ఎలా ఉన్నాడు?

అన్నయ్య

*

ఉయ్యూరు,
28 ఫిబ్రవరి 2025.

అన్నయ్యా,

చదివాను. పాలగిన్నె తడికి పైన రెండు లైన్లు అలికిపోయాయి. మిగతాదంతా చదివాను.

నిన్న మంగళగిరి వెళ్ళాను. మీ ఇంటికి రాలేదు, వచ్చే మొహం లేదు. నసీమా ఇంటికి వెళ్ళాను. ఆమెకి నా నోటితో నేనే చెప్పాలనిపించింది. మగ్గం ఆపి అలీ కూడా వచ్చి కూర్చున్నాడు. నీ ఉత్తరం మొదటినించీ చదివి వినిపించాను. మా వాడి మిషనూ పోయింది, మీ పాప మిషనూ పోయింది, నా వల్లే అన్నాను. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

టీ పెట్టి ఇచ్చింది. ఇచ్చి, నెమ్మదిగా అంది: "మీ పగ తీరింది కదక్కా. నేనెవరి మీద తీర్చుకోను?"

టీ గ్లాసు కింద పెట్టేశాను.

ఆస్రా గోడవైపు తిరిగి బొమ్మలు సర్దుకుంటోంది. వాళ్ళమ్మ పిలిస్తే తిరగలేదు. దగ్గరికి వెళ్ళి భుజం తట్టింది.

అన్నయ్యా, ఒక్కటి చెప్పు. లాభం మా వాడికి ఉందని కదా ఆ లైను కొట్టేసింది? మా చక్రికి వద్దు, ఎప్పటికీ అడగం అని నేను రాసిచ్చేస్తే? అప్పుడు ఆ లైను తిరిగి పెడతారా? తిరుగు టపాలో రాయి. బ్లాకు తీసేశాను గానీ ఫోను చెయ్యకు. నీ గొంతు వింటే నేను తట్టుకోలేను.

కనకం

*

మంగళగిరి,
3 మార్చి 2025.

అమ్మలూ,

నువ్వడిగింది నేను కూడా ఆలోచించాను. చెల్లదు. మైనరు పిల్లాడి హక్కు తల్లి రాసిచ్చినా పోదు, చట్టం ఒప్పుకోదు. వాడు పోగొట్టుకున్నవాడుగా ఉన్నంతకాలం ఆ లైనులో వాడికి లాభం ఉన్నట్టే, వాడికి నేను మేనమామనే. ఒక్క అమ్ముకున్నవాళ్ళకే ఆ లైను వర్తించదు. మనం ఆ కోవలోకి రాము కదా.

కమిటీ చివరిసారి పదకొండో తారీఖున కూర్చుంటుంది. తర్వాత బిల్లు సభకి వెళ్ళిపోతుంది. వచ్చే ఏడాది సవరణ కోసం ప్రయత్నిద్దాం. పిల్లలకి ఏడాది అంటే ఎంతో నాకు తెలుసు, అయినా ఇంకో దారి కనపడటం లేదు. తొందరపడి ఎవరి దగ్గరికీ వెళ్ళకు. నీ కోపాన్ని చూసి భయపడినదానికంటే ఇప్పుడు నీ ఉత్తరం చూసి ఎక్కువ భయమేస్తోంది.

ఆదివారం వస్తాను. ఈసారి అరుగు మీదనించి వెళ్ళను.

అన్నయ్య

*

ఉయ్యూరు,
12 మార్చి 2025.

అన్నయ్యా, నమస్కారం.

ఆదివారం నువ్వొచ్చినప్పుడు నీకు ఏమీ చెప్పలేదు. చక్రి నీ మెడ పట్టుకుని వేలాడుతుంటే చెప్పబుద్ధి కాలేదు. చెబితే నువ్వు ఆపేవాడివి. ఇప్పుడు అయిపోయింది గనక రాస్తున్నాను.

సోమవారం బోర్డుకి వెళ్ళాను, ఒక్కదాన్నే. సంజీవరావు గారు లేచి కుర్చీ చూపించాడు. ఆయన పంపిన క్షమాపణ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను.

"ఇదేంటమ్మా, సరిపోలేదా? ఇంకోలా రాయమంటారా?" అన్నాడు.

"మీకు తిరిగి ఇచ్చేద్దామని తెచ్చానండీ. ఆరోజు మీరన్నదే నిజం. మిషను నదిలో పడలేదు. మేమే అమ్ముకున్నాం."

ఆయన కళ్ళజోడు తీశాడు. ఆ కళ్ళజోడు తియ్యడం చూస్తే నాకు ఇప్పటికీ రక్తం మరుగుతుంది.

"మీ అన్నయ్య అందరి ముందూ చెప్పాడు కదమ్మా, తన జేబులోంచి పడిందని?"

"ఆయన అబద్ధం చెప్పలేదండీ. ఆయనకి నేనిచ్చింది ఖాళీ డబ్బా. పడింది ఆ డబ్బానే. మిషను అంతకుముందే అమ్మేశాం."

"ఎవరికి?"

"పేరు తెలీదండీ. బస్టాండు దగ్గర ఎవరో."

ఆయనకి తెలుసన్నయ్యా. నేను అబద్ధం చెప్తున్నానని ఆ మనిషికి ఎదురుగా కనపడుతూనే ఉంది. ఎందుకు చెప్తున్నానో కూడా తెలిసింది. తన క్షమాపణ ఉత్తరం మడిచి సొరుగులో పెట్టాడు. "ఇది రాసిస్తే మీ బాబుకి ఇక ఎప్పటికీ రాదమ్మా. ఈ బిల్లు కింద కాదు, ఇంకే బిల్లు కిందా రాదు" అన్నాడు. తెలుసండీ అన్నాను. "మీ వాడికి ఇప్పుడేమైనా వినపడుతోందా?" అని అడిగాడు. లేదండీ అన్నాను. తెల్లకాగితం ఇచ్చి, తన పెన్నే ఇచ్చాడు. నా చేత్తో నేనే రాశాను. సంతకం పెట్టేటప్పుడు గుమాస్తాలు అటునించి తొంగిచూశారు. ఈసారి నవ్వలేదు. నవ్వినా పడేదాన్ని.

పొద్దున నసీమా ఫోను చేసింది. నిన్న కమిటీలో సంజీవరావు గారే కొట్లాడి ఆ లైను తిరిగి పెట్టించాడట. పేపర్లో వచ్చిందట. ఆవిడ ఏడుస్తూ ఏదో అంటోంది, నాకు సరిగ్గా అర్థం కాలేదు. నేనేం చేశానో ఆవిడకి తెలీదు. తెలియనివ్వకు.

మీ బావకి చెప్పాను. ఆ రాత్రి ఇంట్లో పడుకోకుండా చేలోకి వెళ్ళిపోయాడు. నిన్న సాయంత్రం చక్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొహం మీద వెలుతురు పడేలా దీపం జరుపుకుని, "చెరుకు" అని నేర్పిస్తున్నాడు. ఏదో ఒకటి చేస్తాం. వాణ్ణి వదిలేస్తామా?

నువ్వు చేయాల్సింది ఒక్కటే. బోర్డువాళ్ళు నిన్ను పిలిచి అడుగుతారు. డబ్బా విప్పి చూడలేదని చెప్పు. నువ్వు నిజంగానే చూడలేదు. అంతకుమించి ఒక్క మాట అనకు. మొన్న నీ చేత నలుగురిలో నోరు విప్పించింది నేనే, ఇప్పుడు మూసుకోమంటున్నదీ నేనే. కోపం వస్తే వచ్చే ఆదివారం వచ్చి తిట్టు.

కాగితం సంగతి అప్పుడే ఊళ్ళోకి వచ్చేసింది. బోర్డులో మన ఊరి కుర్రాడెవరో పనిచేస్తున్నాడట. పాలకేంద్రం దగ్గర నేను వెళ్ళగానే మాటలు ఆగిపోతున్నాయి. ఇవాళ ఒకావిడ ఆగలేదు. "కన్నకొడుకు చెవులమ్ముకుంది చూడు" అని నాకు వినపడేలాగే అంది. చక్రి నా చెయ్యి పట్టుకుని, ఆవిణ్ణి చూసి నవ్వుతూ నిలబడ్డాడు. వాడికి వినపడలేదు.

నీ చెల్లెలు
కనకం